కొత్తగా డీఎస్సీ కొట్టిన మాస్టార్లకు, టీచర్లకు ఒక పాత పంతులమ్మ బహిరంగ లేఖ

ఉపాధ్యాయ మిత్రులకు,

నమస్కారం. అవనిగడ్డ కోచింగ్ హాస్టళ్ళలో, దిల్‌సుఖ్‌నగర్ గదుల్లో ఏళ్ళ తరబడి బిట్లు బట్టీపట్టి డీఎస్సీ కొట్టారు. తెలంగాణలో 2024లో 11,062 పోస్టులు, ఆంధ్రాలో 2025లో 16,347 పోస్టులు. ఇంతమంది కుర్రాళ్ళు, ఆడపిల్లలు ఒక్కసారిగా సర్కారు బడుల్లోకి రావడం చూసి చాలా ఏళ్ళయింది. సంతోషం. విద్యా దృక్పథాల పేపర్ కోసం మీరు చదివిన విద్యాహక్కు చట్టం సెక్షన్లు నాకంటే మీకే బాగా వచ్చు. అందుకని చట్టం జోలికి పెద్దగా వెళ్ళను. బడి గురించి చెప్తాను.

నేను ఎస్జీటీగా, అంటే చిన్న తరగతుల టీచరుగా, 31 ఏళ్ళు చేసి రిటైరయ్యాను. అన్నీ పల్నాడు వైపు ఊళ్ళే. నేను పుట్టింది ఊళ్ళో, ఎస్సీ కాలనీలో కాదు. ఈ మాట ముందే చెప్పేయడం మంచిది. ఎందుకంటే కింద రాసినవాటిలో నేను పడ్డవి ఏవీ లేవు. చేసినవి ఉన్నాయి, చూస్తూ ఊరుకున్నవి ఉన్నాయి.

మొదటిది హాజరు పట్టీ సంగతి. ఉద్యోగంలో చేరిన కొత్త. నెలాఖరుకి కులాలవారీగా, ఆడా మగా విడదీసి ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసుకి లెక్క పంపాలి. ప్రతిసారీ అడ్మిషన్ రిజిస్టరు తిరగేయలేక, హాజరు పట్టీలో ప్రతి పేరు పక్కనా పెన్సిల్‌తో చిన్నగా రాసుకున్నాను. ఓసీ, బీసీ డి, ఎస్సీ అని. ఒకరోజు ఏదో స్టేట్‌మెంటు అర్జంటుగా అడిగారు. నేను దాని మీద పడి, మూడో తరగతి లీడరు పిల్ల చేతికి హాజరు పట్టీ ఇచ్చి నువ్వు పిలువమ్మా అన్నాను. ఆ పిల్ల చదువులో బాగా చురుకు. కనిపించిన అక్షరమల్లా చదివేది.

"నాగేశ్వరరావు ఓసీ."

"ప్రెజెంట్ టీచర్."

"వెంకాయమ్మ బీసీ డి."

"ప్రెజెంట్ టీచర్."

"ఏసుబాబు ఎస్సీ."

ఏసుబాబు వెంటనే పలకలేదు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. నేను తలెత్తి, పట్టీ లాక్కునేలోపు ఇంకో నాలుగు పేర్లు అయిపోయాయి. తర్వాత ఒక వారమో రెండు వారాలో, ఆటల పీరియడ్‌లో విన్నాను, "ఒరేయ్ ఎస్సీ, బంతి ఇటెయ్‌రా" అని. పిలిచినవాణ్ణి రెండు దెబ్బలు వేశాను. రాసింది నేను, దెబ్బలు వాడికి.

ఆ తరగతిలో ఎవరూ ఎవర్నీ ముట్టుకోవద్దనలేదు. అందరూ ఒకే పట్టా మీద కూర్చునేవాళ్ళు. అడిగితే నేను, మా బడిలో అలాంటివి లేవండీ అనే చెప్పేదాన్ని. నా లెక్క తేలిగ్గా రావాలని రాసుకున్న రెండక్షరాలు చాలాయి. ఈ ఉత్తరంలో నేను చెప్పేది కూడా ఇంతే. మనం పని సులువు కోసం చేసుకునే లిస్టులు, లైన్లు, గ్రూపులు ఉంటాయి చూశారూ, వాటి మీద ఒక కన్నేసి ఉంచండి.

మాటల మీద కూడా. స్టాఫ్ రూములో మనం కులం పేరెత్తం. మర్యాదస్తులం. "కాలనీ పిల్లలు" అంటాం, "ఊళ్ళో పిల్లలు" అంటాం. కాలనీ ఊళ్ళో భాగం కాదా అని ఎవరూ అడగరు. కొన్ని బడులకైతే బోర్డు మీదే బ్రాకెట్లో ఎస్సీ అనో, హెచ్‌డబ్ల్యూ అనో ఉంటుంది. హెచ్‌డబ్ల్యూ అంటే హరిజనవాడ. ఒకటో తరగతి పిల్ల కూడబలుక్కుని చదివే మొదటి బోర్డు ఆ బడి పేరే.

స్కాలర్‌షిప్ ఫారాలు వచ్చిన రోజు సంగతి మీకు ఈపాటికి అనుభవమై ఉంటుంది. "ఎస్సీ, ఎస్టీ వాళ్ళంతా లేచి నిలబడండి" అంటాం. పది సెకన్లలో పని అయిపోతుంది. ఒక ఏడాది ఐదో తరగతిలో ఒక అమ్మాయి లేవలేదు. వాళ్ళమ్మ మర్నాడు వచ్చి, మా పిల్ల పేరు ఎందుకు రాయలేదు టీచరుగారూ అని అడిగింది. పిల్లని అడిగితే నేల చూపులు చూస్తూ, "కడుపులో నొప్పొచ్చింది టీచర్" అంది. ఆ ఏడాదే బడిలో చేరిన పిల్ల. ఊళ్ళో పిల్లలతో కొత్తగా స్నేహం కుదిరింది. అంతకంటే ఆ అమ్మాయిని నేనేమీ అడగలేదు.

ఇక నీళ్ళు. టీచరు బాటిల్ పట్టుకెళ్ళి బోరింగు దగ్గర నింపి తేవడం చిన్నపిల్లలకి మహా గౌరవం. "నేను టీచర్, నేను టీచర్" అని చేతులెత్తేస్తారు. ఇప్పుడు ఇంట్లో ఊరికే కూర్చున్నప్పుడు నేను పిలిచిన పేర్లన్నీ గుర్తు చేసుకుంటుంటాను. ఒక బడిలో మూడేళ్ళు చేశాను. ఆ మూడేళ్ళలో ఆ బాటిల్ ఒక్కసారి కూడా కాలనీ పిల్ల చేతికి ఇచ్చినట్టు గుర్తు రావడంలేదు. మరుగుదొడ్లో బక్కెట్‌తో నీళ్ళు కొట్టించాల్సి వస్తే మాత్రం వాళ్ళ పేర్లే నోటికొచ్చేవి. వాళ్ళకి అలవాటేగా అనేవాళ్ళు కొందరుంటారు. నేను అదీ అనలేదు. అసలు ఆలోచించలేదు. కొన్నాళ్ళకి నీళ్ళ బాటిల్ కోసం ఆ వైపు నుంచి చేతులు లేవడం ఆగిపోయింది. అది కూడా అప్పుడు కనిపించలేదు. ఇప్పుడు కనిపిస్తోంది.

ఏప్రిల్ 14కి మనం పిల్లలకి అంబేడ్కర్ చిన్నతనం చెప్తాం. సతారా బడిలో గోనెపట్టా మీద విడిగా కూర్చోవడం, ఊడ్చే మనిషి దాన్ని ముట్టుకోడు గనక రోజూ దాన్ని ఇంటికి మోసుకెళ్ళి మళ్ళీ తెచ్చుకోవడం, కుళాయి తను తిప్పకూడదు గనక ప్యూన్ రాని రోజు నీళ్ళే లేకుండా ఉండటం. ఆ రోజుల్లో అలా ఉండేది పిల్లలూ అని ముగిస్తాం. నేనూ పాతికసార్లు చెప్పాను. ఆ బడిలో మాస్టార్లు కూడా ఉన్నారు కదా, ప్యూన్ రాని రోజు వాళ్ళు ఏం చేసేవాళ్ళు అన్న ప్రశ్న ఒక్కసారీ తట్టలేదు నాకు.

భోజనం దగ్గరికి వద్దాం. సుప్రీంకోర్టు 2001 నవంబరు 28న వండిన భోజనమే పెట్టాలంది. మన దగ్గర 2003 జనవరిలో మొదలైంది. వంటవాళ్ళ నియామకంలో దళితులకు ప్రాధాన్యం ఇవ్వాలని అదే కోర్టు 2004 ఏప్రిల్ 20న చెప్పింది. నేను చేసిన ఒక ఊళ్ళో కాలనీ నుంచి ఒకావిడ బడి వంట ఏజెన్సీలో చేరింది. వంట బాగా చేసేది. పప్పుచారు దించేటప్పుడు వేసే తిరగమోత వాసనకి రెండో తరగతి పిల్లలు పలకలు పక్కన పడేసేవాళ్ళు. ఆవిడ చేరిన మూడో రోజు నుంచి ఇళ్ళ నుంచి క్యారేజీలు రావడం మొదలైంది. గొడవేమీ లేదు. ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. "మావాడికి బడి పప్పు పడటం లేదు టీచరుగారూ, వాంతులు" అన్నారొకరు. "డాక్టరు పత్యం చెప్పాడు" అన్నారొకరు. ఒకే వారంలో పదకొండు ఇళ్ళలో పత్యాలు! ఆ పత్యం పిల్లలే గుంటూరు వెళ్తే హోటల్లో బిర్యానీ తింటారు, వండినవాడి కులం అక్కడ ఎవడు చూడొచ్చాడు.

నెల తిరిగేసరికి బడి కమిటీ మీటింగు పెట్టారు. వంటావిడ టైముకి రావడం లేదు కాబట్టి మారుస్తున్నాం అని తీర్మానం రాశారు. ఆవిడ రోజూ నాకంటే ముందు వచ్చేది. ఆ తీర్మానం కింద నా సంతకం ఉంది. ఆవిడ ఏమీ అడగలేదు. గరిటెలు తోమి లెక్కపెట్టి అప్పజెప్పి వెళ్ళింది.

2021 డిసెంబరులో ఉత్తరాఖండ్ చంపావత్ జిల్లా సూఖీఢాంగ్ వార్త చదివినప్పుడు ఆ గరిటెలు గుర్తొచ్చాయి. అక్కడా దళిత వంటావిడని పెట్టారు. అక్కడా అగ్రకుల పిల్లలు ఇళ్ళ నుంచి డబ్బాలు తెచ్చుకున్నారు. అక్కడా నియామకంలో పద్ధతి పాటించలేదని ఆవిడని తీసేశారు. తేడా ఒక్కటే. కొత్తగా వచ్చిన అగ్రకుల వంటావిడ వండింది మేమూ తినం అని 23 మంది దళిత పిల్లలు కూర్చున్నారు. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల వాళ్ళు. చివరికి మొదటి ఆవిడని మళ్ళీ తీసుకున్నారు. పెద్దలు కాగితం మీద దాచుకున్న కారణాన్ని పిల్లలు కంచం దగ్గర బయటపెట్టారు. మా ఊళ్ళో పిల్లలు అలా చేసి ఉంటే నేను వాళ్ళని తిట్టి ఉండేదాన్నేమో. అన్నం పారేస్తారా, పరబ్రహ్మ స్వరూపం అని.

ఇప్పటిదాకా చెప్పినవి ఎవరికైనా తప్పని తెలిసేవే. టీచర్లకి తప్పుగా కనిపించనిది ఇంకొకటుంది. దాని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి.

ఏడాది మొదట్లో బేస్‌లైన్ టెస్టు పెట్టి పిల్లల్ని ఎ, బి, సి గ్రూపులు చేస్తాం. మాచర్ల వైపు బడిలో ఉన్నప్పుడు సుగాలీ తండా నుంచి ఒక పిల్ల వచ్చేది. బొమ్మ చూపించి పేరు చెప్పమనాలి. గ్లాసులో నీళ్ళ బొమ్మ చూపించాను. "పాణి" అంది ఆ పిల్ల, ఠక్కున. వాళ్ళ ఇంటి మాట. నీళ్ళు అనలేదు కాబట్టి తప్పు కొట్టాను. ఇంకో నాలుగు బొమ్మలకీ అంతే. సి గ్రూపు. సి గ్రూపు అంటే వెనక వరస, వెనక వరస అంటే ఏడాదంతా అక్షరాలు దిద్దడం, ఏడాది చివర "దీనికి బుర్ర లేదండీ" అనడం. 2004లోనే గోండి, కోయ, సవర, బంజారా లాంటి ఎనిమిది భాషల్లో పిల్లలకి మొదటి పాఠాలు చెప్పే కార్యక్రమం ఉమ్మడి రాష్ట్రంలో మొదలైంది. మా బడిదాకా అది రాలేదు. వచ్చినా నాకు ఆ భాష రాదు. ఆ పిల్లకి రెండు భాషలు అర్థమవుతాయి, నాకు ఒకటే. తెలివితక్కువదని మార్కు పడింది మాత్రం ఆ పిల్లకి.

ఇలాంటిదే ఇంకోచోట జరిగింది. చెక్ రిపబ్లిక్‌లో ఓస్ట్రావా అని ఒకప్పటి బొగ్గు గనుల ఊరు. అక్కడ రోమా వాళ్ళున్నారు. వందల ఏళ్ళ కిందట మన దేశం నుంచే వెళ్ళిన జనం. వాళ్ళ భాషలో కూడా నీళ్ళని పానీ అనే అంటారు. రెండుని దుయ్ అంటారు, మూడుని త్రిన్ అంటారు. 1990లలో ఆ ఊరి రోమా పిల్లలకి తెలివి పరీక్షలు పెట్టి, సగం మందిని మానసిక ఎదుగుదల లేని పిల్లల కోసం ఉన్న ప్రత్యేక బడుల్లో వేశారు. ఊరి బడిపిల్లల్లో రోమాలు నూటికి ముగ్గురు కూడా లేరు. ప్రత్యేక బడుల్లో చూస్తే సగం పైన వాళ్ళే. మామూలు పిల్లకంటే రోమా పిల్ల అందులో పడే అవకాశం 27 రెట్లు. అక్కడ పాఠాలూ తక్కువే, బయటికొస్తే పై చదువు దారీ ఉండదు.

18 మంది పిల్లల తరపున కేసు వేశారు. సర్కారు వాదన విన్నారా? పరీక్ష సైకాలజిస్టులే పెట్టారు, తల్లిదండ్రులు సంతకాలు కూడా చేశారు, ఇంకేంటి అని. యూరప్ మానవ హక్కుల కోర్టు కింది బెంచిలో 2006లో పిల్లలు ఓడిపోయారు. 2007 నవంబరు 13న పెద్ద బెంచి, 17 మంది జడ్జీల్లో 13 మంది ఒకవైపు నిలబడి, ఇది వివక్షే అని తేల్చింది. ఆ పరీక్షలు మెజారిటీ పిల్లల్ని దృష్టిలో పెట్టుకుని తయారుచేసినవి అంది. సంతకాల గురించి అన్నది నాకు బాగా తగిలింది. ముందే నింపి ఉంచిన ఫారం మీద, వేరే దారి ఉందని కూడా చెప్పకుండా తీసుకున్న సంతకం అది. మామూలు బడిలో వేస్తే పిల్లని వెలివేసినట్టు చూస్తారు, ప్రత్యేక బడిలో వేస్తే కనీసం తనవాళ్ళుంటారు. ఆ రెంటి మధ్య పెట్టి తల్లిని ఎంచుకోమన్నారు. అసలు వివక్షకి గురికాకుండా ఉండే హక్కుని ఎవరైనా సంతకం పెట్టి వదులుకున్నా చెల్లదు అంది కోర్టు.

మన దగ్గర ఎన్ని వేలిముద్రలు తీసుకున్నానో లెక్కలేదు. "ఇక్కడ పెట్టమ్మా." పెట్టేవాళ్ళు. ఏమిటని అడిగినవాళ్ళు తక్కువ, అడిగితే విసుక్కున్న సందర్భాలు ఎక్కువ.

ఇంకోటి, ఇది మీ చేతిలో లేనిది, అయినా చెప్తాను. ఏ గొడవా లేకుండా, ఊళ్ళో వాళ్ళు ఒక్కొక్కరే పిల్లల్ని తీసేసి ప్రైవేటు బడి పసుపు బస్సు ఎక్కిస్తారు. ఐదేళ్ళు తిరిగేసరికి బడిలో కాలనీ పిల్లలే మిగులుతారు. అప్పుడు దాన్ని చూపించి, స్ట్రెంత్ లేదు, కలిపేద్దాం అంటారు. ఇంగ్లీషు మీడియం కోసమే వెళ్ళామంటారు, కొందరి విషయంలో నిజమే. 1960 నవంబరు 14న అమెరికాలో న్యూ ఓర్లీన్స్‌లో రూబీ బ్రిడ్జెస్ అనే ఆరేళ్ళ నల్లజాతి పిల్లని మార్షల్స్ కాపలా మధ్య తెల్లవాళ్ళ బడిలో దించితే, తెల్ల తల్లిదండ్రులు పిల్లల్ని ఇళ్ళకి తీసుకుపోయారు. బార్బరా హెన్రీ అనే టీచరు ఒక్కతే ఆ ఏడాదంతా ఖాళీ గదిలో ఆ ఒక్క పిల్లకీ పాఠాలు చెప్పింది. మన బడుల్లో ఏడుగురు పిల్లలతో మిగిలిన టీచర్లు ఉన్నారు. వాళ్ళని చూసి "హాయిగా ఉంది నీ పని" అని వెక్కిరించకండి.

"వాళ్ళకేంటండీ, అన్నీ ఫ్రీ" అన్న మాట మీరు స్టాఫ్ రూములో మొదటి నెలలోనే విని ఉంటారు. పుస్తకాలు ఫ్రీ, బ్యాగు ఫ్రీ అని. జవాబుగా ఎవరితోనూ పోట్లాడక్కర్లేదు, నాకు నచ్చిన ఒక సంగతి చెప్పండి చాలు. జపాన్‌లో బురాకు వాళ్ళని ఉన్నారు. తోలు పని, పశువుల్ని కోసే పని చేశారని తరతరాలుగా దూరం పెట్టిన జనం. 1871లోనే చట్టం ప్రకారం అందరితో సమానమన్నారు, బతుకులో కాలేదు. 1961లో కొచ్చి నగరంలోని నాగహామా అనే చోట ఆ తల్లులు కూర్చుని రాజ్యాంగం చదివారు. నిర్బంధ విద్య ఉచితం అని 26వ అధికరణంలో ఉంది. ఉచితమైతే పుస్తకాలు ఎందుకు కొనాలి, కొనం అన్నారు. బళ్ళు తెరిచే రోజుకి పుస్తకాలు లేకుండానే పిల్లల్ని పంపారు. ఊరి పెద్దలు గింజుకున్నారు. 1963 నుంచి మొదలై 1969 నాటికి జపాన్‌లో తొమ్మిదో తరగతి దాకా ప్రతి పిల్లకీ పాఠ్యపుస్తకం ఉచితమైంది. డాక్టరు కొడుక్కి కూడా. ఆ ఉచితం సంపాదించి పెట్టింది తోలు పనివాళ్ళ ఇళ్ళ ఆడవాళ్ళు.

ఇవన్నీ చదివి టెన్షన్ పడకండి. మీరు ఊరిని మార్చాలని నేను అడగడం లేదు. స్కాలర్‌షిప్ ఫారాలు వస్తే రిజిస్టరు చూసి, సాయంత్రం ఒక్కొక్కరినీ విడిగా పిలిచి ఇవ్వండి. అరగంట ఎక్కువ పడుతుంది. నీళ్ళ బాటిల్‌కి, ఊడవడానికి, ప్రార్థనలో ముందు నిలబడటానికి నంబర్లవారీగా వంతులు వేసి గోడ మీద అతికించండి, మన నోటికొచ్చే పేర్ల మీద నమ్మకం పెట్టుకోవద్దు. కమిటీ తీర్మానం కింద సంతకం పెట్టేముందు అందులో రాసిన కారణం నిజమో కాదో చూడండి. నిజం కాకపోతే పెట్టకండి, లేదా నా అభ్యంతరం ఇది అని కింద రాసి పెట్టండి. ఉద్యోగం పోదు. నేను పోతుందనుకున్నాను. తండా పిల్లలుంటే వాళ్ళ భాషలో ఓ ఇరవై మాటలు వాళ్ళనే అడిగి నేర్చుకోండి. టీచరుకి పాఠం చెప్పడం వాళ్ళకి సరదా.

ఆ లీడరు పిల్ల ఈ మధ్య నరసరావుపేట బస్టాండులో కనిపించింది. ఇద్దరు పిల్లలు. గుర్తుపట్టి నమస్కారం పెట్టింది. హాజరు సంగతి తనకి గుర్తులేదు, నేనూ ఎత్తలేదు. ఏసుబాబు హైదరాబాదులో ఉన్నాడంది. వాడికి గుర్తుందో లేదో కనుక్కునే ధైర్యం నాకు లేదు.

మీకు పెన్సిలు అవసరం లేదు. హాజరంతా ఫోన్‌లోనే. కానీ ఆ యాప్‌లో పిల్ల పేరు మీద నొక్కితే వివరాల్లో కులం గడి కూడా రావచ్చు. అర్జంటు పని ఏదైనా వస్తే, "లీడరూ, ఇది పట్టుకుని పేర్లు పిలువమ్మా" అని ఫోన్ పిల్ల చేతికి ఇవ్వకండి.

ఇట్లు,
పల్నాడు నుంచి
రిటైరైన ఒక ఎస్జీటీ